పొయ్యి వెలగని ఆదివారం

ప్యూబ్లా పట్నంలో మా వీధి ఎల్పీడియా ఏ పనైనా జడ ముడేసుకునే మొదలుపెడుతుంది. పచ్చి కూరలే తింటానని ఈమధ్యే పంతం పట్టింది. ఆదివారం అత్తింటివాళ్ళు భోజనానికొచ్చినా పొయ్యి వెలిగించలేదు. ఈ పూట గిన్నెలో ఏమన్నా మిగిలితే రేపట్నుంచి మళ్ళీ పందికొవ్వు వేపుళ్ళేనని ఆడపడుచు చోనా షరతు పెట్టింది.

నాగజెముడు మట్టల ముళ్ళు గీకి, సన్నగా తరిగి, ఉప్పేసి పిసికింది ఎల్పీడియా.

"ఉడకబెట్టకుండా జిగురెలా పోతుంది వదినా? మేమేమన్నా మేకలమా?" అంది చోనా.

ఎల్పీడియా నురగతో జిగురంతా కారిపోయేదాకా పిసికి, కడిగి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపి వడ్డించింది. చోనా ఒక ముద్ద అనుమానంగా తింది. తర్వాత తలెత్తలేదు.

గిన్నె అడుగు కనబడుతుండగా ఎల్పీడియా జడముడి విప్పుకుని, "మేకకి ఇంకాస్త వెయ్యనా?" అంది.

చోనా పళ్ళెం చాపింది.