ఎవరి తాడూ పట్టకుండా

మా తాతకు అరవై రెండేళ్లు. అందులో నలభై ఏళ్లు చెరువు మీదే గడిచాయి. అక్కడివాళ్లంతా ఆయన్ని జానలాయన అనేవారు. దేన్నైనా చెయ్యి చాచి జానలతో కొలవందే ఆయనకు నమ్మకం కుదరదు. చేప పడితే కొలుస్తాడు, తలుపు బిగిస్తే కొలుస్తాడు. పెళ్లయిన మర్నాడు తనను కూడా గోడకు నిలబెట్టి కొలిచాడని అమ్మమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. తాత కాదనడు. ఏడు జానలు, వేలెడు తక్కువ అని లెక్క మాత్రం చెప్తాడు.

ఆ చెరువు చాలా పెద్దది. ఎక్కడ ఎంత లోతో తాతకు కళ్లు మూసుకున్నా తెలుసు. అలాంటి చెరువు నీళ్లు పట్నానికి తాగడానికి కావలసివచ్చాయి. చేపలు పట్టడం ఆపేయమన్నారు. తాత పడవను లారీకెక్కించి, అమ్మమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి, అఖాతం ఒడ్డున ఉన్న కూతురి ఇంటికి వచ్చేశాడు. ఆ ఇంట్లో రెండు గదులు. పడవ పట్టే చోటు లేక దాన్ని గోడ పక్కన బోర్లించారు. రెండో రోజుకే దాని మీద ఉతికిన దుప్పట్లు ఆరేశారు. తాత వాటిని తీసి పక్కన పెట్టేవాడు, ఆయన అటు తిరగగానే కూతురు మళ్లీ ఆరేసేది.

కూతురు పనిచేసేది మంచు షెడ్డులో. తండ్రికి కూడా అక్కడే పని మాట్లాడి పెట్టింది. నీడపట్టున కూర్చుని మంచు దిమ్మలు కొట్టడమే.

“నాకు పడవుంది” అన్నాడు తాత.

“పడవుంటే సరిపోదు నాన్నా. రేవులో గుంజ ఉండాలి.”

రేవులో పన్నెండు గుంజలున్నాయి. ఒక్కో గుంజకు ఒక్కో పడవ. గుంజ లేని పడవ అఖాతంలో చేప పట్టడానికి వీల్లేదు. ఆ నెలలోనే ఒక ముసలాయన కళ్లు మసకబారి మానేయడంతో పన్నెండో గుంజ ఖాళీ అయింది. సంగతి తెలిసిన తాత చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి రేవుకు పరుగెత్తాడు.

రేవు పెద్ద ఒక కాలు ఈడ్చి నడిచే మనిషి. విరిగిన కుర్చీలో కూర్చుని తాళ్లు అల్లుతుంటాడు. తాత చెప్పిందంతా విని, పడవ అడుగు ఎలా ఉంటుందని అడిగాడు.

“చదునుగా ఉంటుంది. నలభై ఏళ్లలో ఒక్కసారి మునగలేదు.”

“చెరువులో మునగాలంటే పడవే పూనుకోవాలి పెద్దాయనా” అన్నాడు రేవు పెద్ద. చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు. “సరే, రేవు మాట చెప్తాను వినండి. పొద్దున్నే పోటు మొదలవుతుంది, నీళ్లు లోపలికొస్తాయి. మధ్యాహ్నానికి ఆటు, నీళ్లు బయటికి పోతాయి. ఈ రెండింటి మధ్యా వెళ్లి, చేప పట్టుకుని, ఎవరి తాడూ పట్టకుండా మీ తెడ్లతోనే తిరిగి రావాలి. వస్తే గుంజ మీది. ప్రాణం మీదికొస్తే తెడ్డు నిలువుగా ఎత్తండి, ఎవరో ఒకరొచ్చి లాక్కొస్తారు. అలా వస్తే మాత్రం ఏడాది పాటు ఇంకొకరి పడవలో రెండో మనిషి. గుంజ ఇంకొకరికి పోతుంది.”

“ఇంటి మనిషిని తెచ్చుకోవచ్చా?”

“తెచ్చుకోండి. ఇంకేమైనా అడగాలా? పోటు గురించి, లంగరు గురించి?”

“నీళ్లు తడిగానే ఉంటాయిగా” అన్నాడు తాత.

అందరూ నవ్వారు. రేవు పెద్ద నవ్వలేదు. తాడు అల్లుకుంటూ, “అడగనివాడికి నేర్పడం నాకు చేతకాదు” అన్నాడు.

మర్నాడు తెల్లవారగానే బయలుదేరారు. అమ్మమ్మకు ఇష్టం లేదు. అవతలి గట్టు కనిపించని నీళ్లంటే ఆవిడకు భయం. కానీ నలభై ఏళ్లుగా రెండో తెడ్డు ఆవిడదే, ఆవిడ లేకపోతే పడవ ఒక పక్కకే తిరుగుతుంది. మూతి ముడుచుకుని ఎర డబ్బా ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది.

“ఇంటికి రాగానే మంచు షెడ్డుకు పోతానని ఒట్టెయ్.”

“రాగానే గుంజకు పడవ కట్టుకుంటాను. నీ పేరు రాయిస్తాను దాని మీద.”

“నా పేరెందుకు, నీ జానలు గీసుకో.”

రాళ్ల గుట్ట దగ్గర నీటి రంగు ముదురుగా ఉంది. చేపలు అక్కడే ఉంటాయని తాత పసిగట్టాడు. ఆ విషయంలో చెరువైనా అఖాతమైనా ఒకటే. నాలుగు కొక్కేల ఇనప లంగరును దింపాడు. అడుగు పదకొండు జానల్లో తగిలింది. లంగరు రాళ్ల మధ్య గట్టిగా పట్టుకుంది. అప్పుడు తాత ఎప్పుడూ చేసే పనే చేశాడు. వదులుగా ఉన్న తాడంతా లాగి, వీణ తీగలా బిగించి, పడవ ముందు కొసకు మూడు ముడులు వేశాడు. చెరువులో తాడు వదిలితే గాలికి పడవ గిరగిరా తిరిగి గాలాలు చిక్కుపడతాయి. బిగించి కట్టడంలో తాతను మించినవాడు ఆ చెరువు మీద లేడు.

నీళ్లు పెరుగుతాయని ఆయనకు తెలియక కాదు. మూడు వారాలుగా కూతురి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. రేవు గోడ మీద మట్టి గీతలు చూసి, తేడా పది జానలని కొలిచి పెట్టుకున్నాడు కూడా. కానీ ఆ సంగతి తెలిసింది తలకు. తాడు కట్టింది చేతులు.

చేపలు మాత్రం భలే పడ్డాయి. పోటుతో పాటు గుంపులుగా వచ్చి ఎరను లాగేశాయి. బుట్ట సగానికి నిండింది. తాత ముఖం వెలిగిపోయింది.

“చూశావా? ఇదేనా వాళ్లు అంత గొప్పగా చెప్పుకున్న ఉప్పునీళ్లు!”

“నీళ్ల సంగతి తర్వాత. నువ్వు లావయ్యావా ఏంటి? ముందు వైపు కిందికి దిగుతోంది.”

“బుట్ట బరువే” అన్నాడు తాత. బుట్టను వెనక్కి జరిపాడు. కాసేపటికి ముందు కొస ఇంకా దిగింది. ఆయన కూడా వెనక్కి జరిగాడు. పడవ చిన్నది, ఇద్దరూ బుట్టా ఒకే మూల ఇరుక్కున్నారు.

“ఇంకా జరిగితే నీళ్లలో కూర్చోవాలి” అంది అమ్మమ్మ. ఆ మాట పూర్తి కాకముందే ఒక అల ముందు కొస మీదుగా లోపలికి దూకింది. అమ్మమ్మ ఎర డబ్బా ఖాళీ చేసి నీళ్లు తోడడం మొదలుపెట్టింది. రెండో అల వచ్చింది. అప్పుడు తాత కళ్లు తాడు మీద పడ్డాయి. అది సన్నగా వణుకుతోంది. నీళ్లు పైకి పెరుగుతున్నాయి, తాడు పడవను కిందికి పట్టుకుంది.

తాత ముందుకు పాకి ముడి మీద చెయ్యి వేశాడు. తడిసిన ముడి రాయిలా ఉంది. ఆయన బరువుకు ముందు కొస ఇంకా దిగి నీళ్లు మోచేతుల దాకా వచ్చాయి.

“కోసెయ్యవయ్యా!” అని అరిచింది అమ్మమ్మ. కత్తి తీసి అందించింది.

తాత కత్తి పట్టుకుని కూడా ఒక్క క్షణం ఆగాడు. ఆ లంగరు ఆయన చేత్తో కాల్చి వంచినది. అమ్మమ్మ డబ్బాతో నీళ్లు తోడుతూనే ఉంది, నీళ్లు తగ్గడం లేదు. తాత తాడు కోసేశాడు.

ముందు కొస ఒక్కసారిగా పైకి లేచింది. అమ్మమ్మ వెనక్కి తూలి చేపల బుట్టలో చెయ్యి ఆనించింది. బుట్టలో జెల్ల చేప ఉంది. దాని వీపు మీది విషపు ముల్లు అరచేతిలో దిగింది.

“ఏమైంది?”

“గీసుకుంది, అంతే. పద, పద.” చెయ్యి తువ్వాల్లో చుట్టేసింది.

అప్పటికి పోటు ఆగిపోయింది. కాసేపు అఖాతం పళ్లెంలో పోసిన నీళ్లలా నిలబడింది. తాత అదే అదననుకుని తెడ్డు వేశాడు. అమ్మమ్మ ఒంటి చేత్తో రెండో తెడ్డు పట్టుకుంది కానీ అది నీళ్లలో ఊరికే తేలింది. అంతలో ఆటు మొదలైంది. నీళ్లు మొదట మెల్లగా, తర్వాత తొందరపడుతూ బయటికి నడిచాయి. ఒడ్డున మంచు షెడ్డు రేకులు తళతళమంటున్నాయి. తాత వంద తెడ్లు వేసి తల ఎత్తి చూశాడు. షెడ్డు అక్కడే ఉంది. ఇంకో వంద వేశాడు. షెడ్డు చిన్నదైంది. వెనక, అఖాతం సముద్రంలో కలిసే నోటి దగ్గర, అలలు విరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆపి నిలబడదామంటే లంగరు లేదు.

చెరువు నీళ్లు ఏనాడూ ఎటూ పోలేదు. తాత వాటి మీద నడిచేవాడు, అవి ఊరుకునేవి. ఇప్పుడు నీళ్లే నడుస్తున్నాయి, తాత ఊరుకున్నట్టుంది.

ఒక మోటారు పడవ దగ్గరకు వచ్చింది. నడిపేది ఒకావిడ. ఆ రేవులో మొదట మోటారు బిగించింది ఆవిడే, అందుకని అందరూ మోటారక్క అంటారు. వేగం తగ్గించి కేకేసింది.

“బాబాయ్! తాడు విసరనా?”

“వద్దమ్మా! బాగానే ఉంది!”

“ఏం బాగు? నోటి వైపు పోతున్నారు!”

“గాలి చూసుకుంటున్నానంతే!”

మోటారక్క ఒక చుట్టు తిరిగింది. ఇద్దరినీ ఎగాదిగా చూసింది. “నా వలలు అక్కడున్నాయి, అటే ఉంటాను. కావాలంటే తెడ్డు ఎత్తండి” అని చెప్పి వెళ్లిపోయింది.

తాత పళ్లు బిగించి తెడ్డు వేశాడు. అరచేతుల్లో బొబ్బలు చితికాయి. అమ్మమ్మ ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాడు. మామూలుగా అయితే ఈపాటికి తాత వంశంలో ఏడు తరాలనూ కడిగి ఆరేసేది. ఒక్క మాట రాలేదు. ఆ మౌనానికి తాతకు భయం వేసి వెనక్కి తిరిగాడు.

ఆవిడ ముఖం పాలిపోయింది. పెదవులు తెల్లగా ఉన్నాయి. తాత తెడ్డు వదిలి తువ్వాలు విప్పాడు. చెయ్యి మణికట్టు దాటి వాచింది. వేళ్లు దగ్గరికి రావడం లేదు.

“చెప్పలేదేమే?”

“చెప్తే ఏం చేసేవాడివి?”

తాత తువ్వాలు మళ్లీ చుట్టబోయాడు. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది.

“తెడ్డు ఎత్తేసేవాడివి. ఆ తర్వాత ఏడాదంతా నన్ను చూసినప్పుడల్లా గుంజ గుర్తొచ్చేది నీకు. ఆ చూపు నేను పడలేను. వెయ్యి, తెడ్డు వెయ్యి.”

తాత లేచి నిలబడ్డాడు. తెడ్డు నిలువుగా ఎత్తాడు. పడవ ఊగుతుంటే తెడ్డు కొస గాలిలో గీతలు గీసింది. అమ్మమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

మోటారక్క అయిదు నిమిషాల్లో వచ్చింది. అమ్మమ్మ చెయ్యి చూసి అయ్యో అంది. తాడు విసిరి, పడవను తన వెనక కట్టుకుని, ఇంకేమీ అడగకుండా లాక్కుపోయింది. ఆవిడ వాచిన చేతిని తన ఒళ్లో పెట్టుకుని తాత దారి పొడవునా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

రేవుకు ముందు ఒక మలుపు ఉంది. అది దాటితేనే రేవులోవాళ్లకు పడవలు కనిపిస్తాయి. అక్కడ మోటారక్క మోటారు ఆపేసింది.

“బాబాయ్, ఇక్కడ తాడు విప్పేస్తాను. ఇక్కడ ఆటు జోరు లేదు. మీరు తెడ్డు వేసుకుని రండి. నేను మిమ్మల్ని చూడలేదు, మీరు నన్ను చూడలేదు. పిన్నిగారేమంటారు?”

“విప్పెయ్ తల్లీ” అంది అమ్మమ్మ వెంటనే. “ఈయన తెడ్డు వేస్తాడు. నేను బాగానే ఉన్నాను.”

తాత మలుపు వైపు చూశాడు. దాని అవతలే పన్నెండో గుంజ. పొద్దున వస్తూ దాని మీద చెయ్యి వేసి నిమిరాడు కూడా.

“ఎంతసేపు పడుతుందమ్మా?” అని అడిగాడు.

మోటారక్క ఆయన అరచేతులు చూసింది. “వాటితోనా? ముప్పావు గంట. మోటారుకైతే అయిదు నిమిషాలు. రేవు పక్కనే కాంపౌండరున్నాడు.”

“విప్పెయ్ అంటున్నానా!” అని గద్దించింది అమ్మమ్మ. గద్దింపు సగంలో గొంతు సన్నగిల్లింది.

“లాగెయ్యమ్మా” అన్నాడు తాత.

రేవులో అందరూ లేచి నిలబడి చూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే తాతకు తేలికగా ఉండేది. రేవు పెద్ద కాలు ఈడ్చుకుంటూ వచ్చి, కోసిన తాడు కొస చేతిలోకి తీసుకుని చూసి, దాన్ని మళ్లీ పడవలో పెట్టేశాడు. “ముందు ఆవిడ చెయ్యి చూపించండి” అన్నాడు. గుంజ మాట ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు.

ఆ వారం అమ్మమ్మ చేతికి కట్టు ఉంది. తాత అన్నం కలిపి ముద్దలు పెడితే, ముద్ద పెద్దదనీ చిన్నదనీ వంక పెడుతూ తింది. పడవ మళ్లీ గోడ పక్కన బోర్లా పడింది. దాని మీద దుప్పట్లు ఆరేశారు. తాత తీయలేదు. పన్నెండో గుంజకు ఎవరో కుర్రవాడు ఆకుపచ్చ పడవ కట్టాడని కూతురు చెప్పబోయి, తల్లి కనుసైగ చేస్తే మానేసింది.

ఎనిమిదో రోజు పొద్దున తాత రెండో మనిషిగా మోటారక్క పడవ దగ్గరకు వెళ్లాడు. ఆవిడ ఆయన కూతురికన్నా చిన్నది. తాత అలవాటుగా ముందు కొసకు వెళ్లి కూర్చున్నాడు.

“అక్కడ కాదు బాబాయ్. మీరు మధ్యలో, నీళ్లు తోడే డబ్బా దగ్గర.”

తాత కాసేపు కదల్లేదు. మోటారక్క తొందరపెట్టలేదు, ఇంకెటో చూస్తూ వల సర్దుకుంది. తర్వాత ఆయన లేచి, పడవ అంచు పట్టుకుని, మధ్యలోకి వచ్చి కూర్చున్నాడు. డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. పడవలో చుక్క నీరు లేదు. అయినా డబ్బాను ఒళ్లోనే పట్టుకున్నాడు.