రాజేశం కాక చక్రాల బూట్లు

మా వీధికి ఈ మధ్యనే సిమెంటు రోడ్డు వేశారు. నిన్న పొద్దున ఎవరో దాని మీద చక్రాల పెట్టె ఈడ్చుకుంటూ కరీంనగర్ బస్టాండు వైపు పోయారు. నడిచినంతసేపు చక్రాలు గరగరమన్నాయి. బస్సు హారన్ విని కాబోలు మనిషి పరుగందుకున్నాడు, చప్పుడు సన్నబడి ఒకే గీతలా సాగింది. బేరింగు వేగం అందుకున్నప్పుడు చేసే చప్పుడు అది. నేను స్టవ్ ముందు ఉన్నాను. పాలు పొంగిపోయాయి. నాకు తెలియకుండానే మోకాళ్ళు కొద్దిగా వంగాయి, బరువు కుడికాలి మీదికి పోయింది. యాభై దాటిన మనిషిని. ఆ వంపు నేర్పినవాడు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన గురించి రాద్దామని ఎన్నోసార్లు కూర్చుని లేచాను. ఆయనకు నేను చేసినదాన్ని దాటేసి రాయడం నాకు చేతకాలేదు. ఇవాళ దాటకుండా రాస్తున్నాను.

ఆయన పేరు రాజేశం. ఊళ్ళో పిల్లలమందరం కాక అనేవాళ్ళం. ఖానాపూర్ నుంచి అడవిలోకి పోయే దారిలో ఒక చెక్‌పోస్టు ఉండేది. అక్కడ గేటు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. అంతకుముందు మిలిటరీలో చేశాడు. అందులో పదకొండేళ్ళు హిమాచల్ కొండల్లో, జవాన్లకు మంచు మీద జారడం నేర్పే చోట ఉన్నాడు. పెళ్ళి చేసుకోలేదు. చెక్‌పోస్టు వెనక గదిలో ఒక్కడే ఉండేవాడు. పొట్టి మనిషి, మాట తక్కువ. రొట్టెలు మాత్రం మా ఊళ్ళో ఏ ఆడమనిషీ చేయనంత గుండ్రంగా చేసేవాడు. మంచు అంటే మాకు తెలిసింది చలికాలం పొద్దున వరి ఆకుల మీద పడి, ఎండ రాగానే పోయేది. మనిషి నడుము దాకా పడే మంచు గురించి మొదట విన్నది ఆయన నోటనే.

చెక్‌పోస్టు దాటాక గుట్ట మీదికి ఒక పాత తారు రోడ్డు ఉండేది. కొత్త రోడ్డు పడ్డాక లారీలు అటు రావడం మానేశాయి. నాకు పదమూడేళ్ళప్పుడు, ఎనభైల మొదట్లో, ఒక ఆదివారం కాక మమ్మల్ని నలుగురిని ఆ రోడ్డు పైకి తీసుకుపోయాడు.

“ఎండకాలం అక్కడ మంచుండదు. గట్లని ఊకుంటరా?” అన్నాడు. “బయిటి దేశం పోయొచ్చిన ఒక అఫ్సర్, బూట్ల కింద నాలుగు చక్రాలు ఒక్క వరుసల బిగిపిచ్చిండు. రోడ్డు మీద గిట్ల మలుపుకుంట మలుపుకుంట దిగేటోళ్ళు. మల్ల మంచు పడేదాంక కాళ్ళకు యాది ఉంటది.”

అట్లాంటి బూట్లు కావాలని ఆయన నిర్మల్‌లో మోటారు మెకానిక్ ఖాజా భాయ్ దగ్గరికి పోయినప్పుడు నేనూ వెంట ఉన్నాను. కాగితం మీద గీసిన బొమ్మను ఖాజా భాయ్ అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సైకిల్ కాదు, రిక్షా కాదు. క్యా హై యే?”

“బూటు.”

“బూటుకు బేరింగా! మరి హారన్ యాడ బిగియ్యాలె కాకా?”

కాక నవ్వలేదు. చక్రాలు రెండు వరుసలు పెడితే పిల్లలు పడకుండా ఉంటారు కదా అని ఖాజా భాయ్ అడిగాడు. “రెండు వరుసలైతే మనిషి నిలవడతడు. ఒక్క వరుసైతే ఒరుగుతడు. నాకు ఒరగాలె” అన్నాడు కాక. అది ఖాజా భాయ్‌కి నచ్చింది. లారీ టైరు రబ్బరు కోసి బేరింగుల చుట్టూ తొడిగాడు, ఇనుప పట్టీకి నాలుగేసి బిగించాడు, పట్టీలను పాత మిలిటరీ బూట్ల అడుగున బోల్టులతో బిగించాడు. ఒక్కో బూటు మణుగు బరువుందని మా అవ్వ తిట్టింది.

ఆరేళ్ళు ప్రతి ఆదివారం పొద్దున ఆ రోడ్డు దిగాం. కాక టేకాకులు రోడ్డు మీద అక్కడొకటి ఇక్కడొకటి పరిచి, ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టేవాడు. ఒక ఆకుకు ఎడమ నుంచి, ఇంకొకదానికి కుడి నుంచి మలుపుకుంటూ రావాలి. చేతుల్లో రెండు వెదురు కర్రలు. మలిగేటప్పుడు బరువు బయటి కాలి మీద పడాలి, మోకాలు ముందుకు వంగాలి, కాళ్ళు ఎటు తిరిగినా భుజాలు మాత్రం పల్లం వైపే చూడాలి. మనిషికి భయం వేస్తే ఒళ్ళు గుట్ట వైపు ఒరుగుతుంది. అట్లా ఒరిగిన క్షణంలోనే కాళ్ళు ఎగిరిపోతాయి. “గుట్టను పట్టుకోకు పద్మా! గుట్ట నిన్ను పట్టుకోదు!” అని కింద నుంచి అరిచేవాడు. ఎప్పుడూ మా పక్కన నిలబడలేదు. రోడ్డు దిగువన పారే వాగు అవతలి గట్టు మీద, మేము చేతిపొడవంత కనిపించే దూరంలో నిలబడి చూసేవాడు. ఎవరి ఏ మోకాలు వంగలేదో అంత దూరం నుంచీ చెప్పేవాడు. తాను మాత్రం ఒక్కసారి కూడా చక్రాలు కట్టుకోలేదు. పెద్దమనిషి, కట్టుకోడులే అనుకున్నాం.

ఆగడానికి ఒకటే దారి చెప్పాడు. రోడ్డు పక్కన గుట్ట మీదికి ఎక్కే బండ్ల బాట ఉంది. మలుపు వదలకుండా దాని మీదికి తిరిగితే ఎత్తు మనల్ని ఆపేస్తుంది. చక్రం పక్కకు జారిందంటే మాత్రం తోలు లేచినట్టే. నా ఎడమ మోచేతికి ఇప్పటికీ మచ్చ ఉంది.

ఆడపిల్ల కాళ్ళకు చక్రాలు కట్టుకుని దిగుతుంటే కట్టెలకు పోయే ఆడవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. “ఏమే పద్మా, కాళ్ళకు బండి గట్టుకున్నవ్, ఎడ్లేవే?” అని ఒకామె ప్రతిసారీ అడిగేది. మిగతా ముగ్గురూ ఒక్కొక్కరే మానేశారు, వాళ్ళ చోట చిన్నవాళ్ళు వచ్చారు. నేను మానలేదు.

డిగ్రీ రెండో ఏట, కాలేజీ ఎన్‌సీసీ కేడెట్లలోంచి కొందరిని మంచు మీద శిక్షణకు పంపుతున్నారని తెలిసి పేరిచ్చాను. ఎంపికయ్యాను. హిమాచల్‌లో, కాక పని చేసిన చోటికే. బాపు ఒప్పుకోలేదు. “మంచు మీద జారి ఏం సంపాయిస్తవే?” అన్నాడు. ఎవరి గడపా తొక్కని కాక ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, అరుగు మీద గంటసేపు కూర్చున్నాడు. “పదకొండేండ్లు సూసిన పటేలా. గీ పిల్ల మలిగినట్టు మలిగేటోళ్ళు ఇద్దరో ముగ్గురో. ఒక్కసారి పోనియ్యి” అన్నాడు. బాపు చివరికి సరేనన్నాడు.

బస్సెక్కే రోజు కాక గేటు దగ్గర నన్ను ఆపాడు. “పోయిరా బిడ్డా. వచ్చినంక నాకు ఒక్కటే మాట జెప్పు. గీడ నేర్సుకున్నది గాడ పనికొచ్చిందా, లేదా. గంతే.” ఆ మాట అంటున్నప్పుడు గేటు తాడు విప్పుతూ మళ్ళీ కడుతూ ఉన్నాడు. ఆరేళ్ళ ఆదివారాలు ఆ ఒక్క జవాబు కోసమేనని నాకప్పుడు తెలిసినా, తెలియవలసినంత తెలియలేదు.

అక్కడ మొదటి రోజు, ఇదివరకు ఎవరైనా నేర్చుకున్నారా అని అడిగితే చెయ్యెత్తాను. పైనుంచి వదిలారు. మొదటి రెండు మలుపులు అచ్చం టేకాకుల మధ్య మలిగినట్టే వచ్చాయి. మూడోదానికి కాళ్ళకు కట్టిన పొడుగు పలకలు, స్కీలు, పక్కకు జారాయి. మంచు మీద అది తప్పు కాదు. పక్కకు జారుతూనే వేగం తగ్గించుకోవాలి, జారుతూనే ఆగాలి. నాకది తెలియదు. నా ఒంటికి తెలిసిందల్లా పక్కకు జారితే పడ్డట్టేనని. గుట్టను పట్టుకున్నాను. దొర్లి, కింద వరుసలో నిలబడ్డ నలుగురిని పడేశాను. అందరూ నవ్వారు. నన్ను ఏమీ రానివాళ్ళ గుంపులో వేశారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర, అక్కడ చాలా ఏళ్ళుగా ఉన్న ఒక ముసలి వంటమనిషిని అడిగాను, ఇక్కడ నేర్పిన రాజేశం గారు తెలుసా అని. ఆయన హిందీలో, “నేర్పిన రాజేశమా? మా వంటింటి రాజేశమా?” అన్నాడు. పళ్ళెం కింద పెట్టి ప్రేమగానే చెప్పాడు. “రొట్టెలు చక్కగా చేసేవాడు, కాల్చేటప్పుడు మాడ్చేవాడు. చూపంతా కిటికీలోనే. ఒకసారి స్కీలు ఇమ్మని అడిగాడు కూడా. వంటవాడికి ఎందుకని ఇవ్వలేదు.” నా పక్కనున్న అమ్మాయిలు విన్నారు. మర్నాటి నుంచి నన్ను వంటాయన శిష్యురాలు అన్నారు.

పడుకున్నాక కాక మాటలు ఒక్కొక్కటే తలుచుకున్నాను. ఆయన ఏనాడూ అబద్ధం చెప్పలేదు. “దిగేటోళ్ళు” అన్నాడు. నేను “దిగేటోళ్ళం” అని విన్నాను. ఒక్క సున్న నేను చేర్చుకున్నాను. కిటికీలోంచి భుజాలు కనిపిస్తాయి, మోకాళ్ళు కనిపిస్తాయి, కర్ర ఎక్కడ ఆనిందో కనిపిస్తుంది. అరికాలి కింద స్కీ మంచు మీద పక్కకు జారడం కనిపించదు. కనిపించినదంతా ఆయన నేర్పాడు. ఇంత స్పష్టంగా అర్థమయ్యాక ఆయన మీద జాలో గౌరవమో కలగాలి. నాకు కోపం వచ్చింది. నన్ను చూసి నవ్వారు కదా, అందుకు.

నాలుగో రోజుకు పక్కకు జారడం పట్టుబడింది. ఆ తర్వాత మిగతాదంతా దానంతటదే వచ్చింది. ఆఖరి రోజు మా శిక్షకుడు నన్ను ఆపి, “నడుము నుంచి పైన నీకు నేను నేర్పింది ఏమీ లేదు. ఈ భుజాలు ఎవరు నేర్పారు?” అని అడిగాడు. పక్కన ఆ అమ్మాయిలే ఉన్నారు.

“ఎవరూ లేరు సార్” అన్నాను.

ఊరికొచ్చాక రెండు రోజులు చెక్‌పోస్టు వైపు పోలేదు. మూడో రోజు కాలేజీకి పోతుంటే బస్సు గేటు దగ్గర ఆగింది. కాక కిటికీ కిందికి వచ్చి నిలబడ్డాడు. చేతులు తుడుచుకుంటూ, నవ్వు ఆపుకుంటూ, “ఏం బిడ్డా, పనికొచ్చిందా?” అన్నాడు.

“రాలే కాక.”

ఆయన తల ఊపాడు. ఇంకేమైనా చెప్తానేమోనని నిలబడ్డాడు. నేను చెప్పాను. “కిటికిలకెల్లి సూస్తే వస్తదా కాకా?”

బస్సులో జనం ఉన్నారు. ఎవరికీ ఆ మాట అర్థం కాలేదు. ఆయనకు అయింది. మొహం ఏమీ మారలేదు. “నిజమే బిడ్డా” అని, పోయి గేటు ఎత్తాడు.

ఆ ఆదివారం చిన్నపిల్లలు బూట్లు పట్టుకుని గుట్ట దగ్గర ఎదురుచూశారట. “ఇగ సాలు, ఇండ్లకు పోండి” అన్నాడట. కొన్నాళ్ళకు నిర్మల్‌లో ఖాజా భాయ్ నన్ను రోడ్డు మీదే ఆపాడు. “ఏం జెప్పినవమ్మా ఆయనకు? బేరింగులన్నీ వాపస్ దెచ్చి బల్ల మీద పెట్టి పోయిండు. చాయ్ తాగుమంటే తాగలే. గట్ల ఎన్నడు పోలే నా తాన్నుంచి.” నేను ఏదో చెప్పి తప్పించుకున్నాను.

క్షమించమని అడగడానికి నాలుగేళ్ళు పట్టింది. అడగాలని లేక కాదు, ఎదురు నిలబడలేక. అప్పటికి కరీంనగర్‌లో టీచర్‌గా చేరాను. తోటి టీచరు తమ్ముడు దుబాయ్ నుంచి ప్లాస్టిక్ బూట్లు తెచ్చాడు, అడుగున నాలుగు చక్రాలు ఒక్క వరుసలో. వాటితో వచ్చిన పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. ఎండలో, కొండ రోడ్డు మీద ఒక మనిషి రెండు కర్రలతో మలుగుతున్నాడు. మంచు లేని కాలంలో స్కీయింగ్ మరిచిపోకుండా ఇట్లా సాధన చేయవచ్చని కింద రాసి ఉంది. ఆ పుస్తకం అడిగి తీసుకున్నాను.

కాక అప్పటికి ఉద్యోగం అయిపోయి ధర్మపురిలో చెల్లెలింట్లో ఉన్నాడు. ఊపిరితిత్తులు చెడి మంచం పట్టాడు. నేను వెళ్ళింది మిట్టమధ్యాహ్నం. “పద్మవా? కూసో బిడ్డా” అన్నాడు. మంచం పట్టె మీద కూర్చుని అంతా చెప్పాను. మొదటి రెండు మలుపులు, నేను పడడం, నాలుగో రోజు, శిక్షకుడు భుజాల గురించి అన్న మాట, నేను ఇచ్చిన జవాబు. బస్సులో చెప్పింది అబద్ధమని చెప్పాను. పుస్తకం తెరిచి బొమ్మ చూపించాను. ఆయన దాన్ని కళ్ళకు దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

“వీని మోకాలు మంచిగ వంగింది” అన్నాడు.

“మీరు నేర్పింది గదే కాక. పనికొచ్చింది. అంతా పనికొచ్చింది.”

ఆయన పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు. “నా పాణం నిమ్మళం కావాలని గింత దూరం వచ్చినవ్. మంచిదానివి బిడ్డా.”

“ఒట్టు కాక. మా బాపు మీద ఒట్టు.”

“ఒట్టెందుకు?” అన్నాడు. గొంతులో కోపం లేదు. “ఆనాడు ఒట్టు పెట్టకుంటనే నమ్మిన గద.”

ఇంకా చెప్పాను. చెప్పినకొద్దీ అది ఓదార్పులాగే వినిపించింది, నాకు కూడా. చివరికి ఆయనే నా చేయి తట్టి, ఊకో, ఎండల వచ్చినవ్, మంచినీళ్ళు తాగు అన్నాడు. ఆరు నెలలకు పోయాడు. నాకు తెలిసేసరికి దినాలు కూడా అయిపోయాయి.

ఇప్పటికీ టీచర్నే. పిల్లలు రాసింది తెచ్చి, బాగుందా టీచర్ అని అడుగుతారు. వెంటనే చెప్పలేను. ఉన్నదెంతో, లేనిదెంతో చూసి, కూడకుండా తీసేయకుండా చెప్పాలని ఆగుతాను. తప్పులు వెతుకుతున్నానని వాళ్ళు భయపడతారు. కొందరు నేను నోరు తెరవకముందే పుస్తకం వెనక్కి తీసుకుంటారు.