సున్నపు తేటల ఎర్రబడ్డ కాగితం

నాకు భయమెక్కువ. పామును చూసి గాదు, కుక్కను చూసి గాదు, పాత కాగితాన్ని చూసి. ఆదిలాబాద్‌ల మాది పుస్తకాలకు జిల్దులు కట్టే ఇల్లు. చినిగిన ఖురాన్‌లు, బడి రిజిస్టర్లు, తాతలనాటి భూమి కాగితాలు మా అబ్బా బాగు చేసేటోడు. ఆయన పోయినంక నేను చేస్తున్న. నలబై ఏండ్లు దాటినా, ఎవరన్న సంచిలకెల్లి మడత కాగితం తీస్తుంటె ఇప్పటికీ నేను ఒక అడుగు ఎనుకకు వేస్త. బట్ట చినిగితె ఇంకో బట్ట కొంటం. ఇది పోతె యాడికెల్లి తెస్తం?

మూడేండ్ల కింద ఇచ్చోడ దిక్కునుంచి ఒక రైతన్న వచ్చిండు. పత్తి చేను వాళ్ళ తాత కొన్నది. దున్నేది ఈయనే, సర్కారు కంప్యూటర్‌ల మాత్రం ఈయన పేరు లేదు. తాత కొన్నప్పటి ఉర్దూ కాగితం ఒక్కటే రుజువు. సోమవారం మండలాఫీసుల పెద్దసారు ముంగట అసలుది పెట్టాలె. అదేమో మడతల కాడ పెళుసెక్కి, పట్టుకుంటె పొడి రాలుతున్నది. ఆయనకు ఉర్దూ రాదు. నేను చదివి చెప్తుంటె చేతులు కట్టుకోని నిలబడి విన్నడు. పై మూలకు సర్వే నంబర్ ఉన్నదని చూపిస్తె, వేలు దగ్గరికి తెచ్చి తాకకుండనే ఎనుకకు తీసుకున్నడు.

"ఆపా, ఇది పోతె మేం పోయినట్టే," అన్నడు.

ఆ మాట అనకపోతె బాగుండు. ఆయన పోయినంక గంట సేపు ఆ కాగితాన్ని ముట్టలే నేను. చాయ్ తాగిన, బల్ల తుడిచిన, మళ్ళ చాయ్ తాగిన.

పాత కాగితంల పులుపుంటది. అదే లోపలికెల్లి కాగితాన్ని తింటది. దాన్ని విరిచేటందుకు సున్నపు తేటల ముంచుతం. సున్నం నీళ్ళల్ల కలిపి, అడుగుకు పేరినంక పైన తేట వంచుకుంటం. ముంచేముందు తడి దూది అద్ది సిరా కారుతదా అని చూడాలె. చూసిన. సిరా గట్టిగున్నది, మొహర్ ముద్ర గట్టిగున్నది. ఫోటో తీసిన. బిస్మిల్లా అనుకోని తేటల దించిన.

పై మూల ఎర్రబడ్డది. మెల్లగ గాదు, గోరు గుచ్చుకుంటె నెత్తురు వచ్చినట్టు, సర్వే నంబర్ మీదనే.

మెల్లగ పైకి ఎత్తి బల్ల మీద పరిచిన. ఏమైందో అప్పుడు సమజైంది. రైతన్నోళ్ళ ఇండ్లల్ల దసరాకు భూమి కాగితాలకు పసుపు పెట్టి మొక్కుతరు. ఎన్ని ఏండ్లకెల్లి పెడుతున్నరో, ఆ మూలకే. నేను అది పాతబడి పచ్చబడ్డదనుకున్న. మా ఇండ్లల్ల కితాబును బట్టల చుట్టి పైన పెడతం, పసుపు పెట్టం. అందుకే నాకు తట్టలే. పసుపుల సున్నం కలిస్తె ఎర్రగైతదని చిన్న పిల్లకు గూడ ఎర్కే. పక్కింటోళ్ళు దిష్టి తీసి ఎర్రనీళ్ళు పారబోస్తె చెప్పులు తడువకుండ తప్పుకోని నడిచినదాన్నే నేను. గంత తెల్విగల్లదాన్ని మరి.

అక్షరాలు పోలే. నంబర్ సాఫ్ కనిపిస్తున్నది. గని కొత్తగ ఎర్రటి మరక సరిగ్గ నంబర్ మీదనే ఉంటె, చూసిన సారు ఏమంటడు? దిద్దినరంటడు. కాగితం దొంగదంటడు. నా ఫోటోను ఎవరు నమ్ముతరు?

దుపట్టకంటిన పసుపు సబ్బుకు ఎర్రగైతె అమ్మీ నిమ్మకాయ రాసేది. అది యాదికొచ్చింది. వంటింట్లకు పోయి నిమ్మకాయ కోసిన. కుంచె కొసతోని ఒక్క చుక్క అద్దిన. పచ్చగైంది. ఇంత సులువా అని నాకే నవ్వొచ్చింది, ఎంటనే ఏడుపొచ్చింది. పులుపు తీసేటందుకు ముంచి, మళ్ళ నా చేతులతోని పులుపే పెడుతున్న. కొన్నేండ్లకు ఆ మూల పొడి పొడి అయితదని నాకు తెలుసు. మళ్ళ కడుగుదామంటె ఎరుపు మళ్ళ వస్తదేమో అని భయం. కడగలే. మూలంత అద్దిన, ఆరబెట్టిన, మడతల ఎనుక పల్చని కాగితం పట్టీలు అతికి ఇచ్చిన. ఆయనకు ఒక్క ముక్క చెప్పలే.

పెద్దసారు కాగితం చూసిండు, పేరెక్కింది. రైతన్న కందిపప్పు మూట తెచ్చి, నా చెయ్యి మంచిదన్నడు. అప్పటికెల్లి ప్రతి దసరాకు జమ్మాకు పెట్టనీకె వస్తుండు. తలుపు కాడ ఆయన గొంతు వినబడితె చాలు, బల్ల మీది కాగితాలు సర్దుతుంటి. కాగితం ఎట్లున్నదని అడుగబోయి, పత్తి ఎట్లున్నదని అడుగుతుంటి.

ఈసారి జమ్మాకు లేదు, చేతుల రుమాల్ ఉన్నది. విప్పితె ఆ మూల. గోరంత ముక్కలు నాలుగు, మిగిలింది పొడి. పక్క చేనాయన కోర్టుకు పోయిండట, అసలు కాగితం మళ్ళ చూపాల్నట. పండుగనాడు ఆయన భార్య, నాకు వదినె వరుస, పసుపు పెడుతుంటె నంబర్ ఉన్న మూల వేలికంటుకోని ఊడొచ్చిందట. తన చెయ్యే పాపిష్టిదని ఆమె రెండు దినాల సంది అన్నం ముట్టలేదట.

"ఎట్లన్న అతుకు ఆపా," అన్నడు.

అబద్ధం నోట్లకు వచ్చింది. కాగితం పాతదాయె, ఏం చేస్తమన్నా అని అంటె అయిపోయేది. గని రెండు దినాల సంది అన్నం తినలే ఆమె. నేనేమో పొద్దున రొట్టె, కూర కడుపు నిండ తిన్న.

"వదినె చెయ్యి గాదన్నా. ఆ మూలకు నిమ్మకాయ పూసింది నేను," అన్న.

సున్నం కాడికెల్లి అన్నీ చెప్పిన. ఆయన తిట్టలే. తిడితె బాగుండు. ముక్కలు ఒక్కటొక్కటి మళ్ళ రుమాల్ల ఏరుకున్నడు, ఒక్కటి గూడ నా బల్ల మీద పెట్టలే. తర్వాత ఫోన్ తీసి, నంబర్ కొట్టి, నా ముంగట పట్టిండు.

"గీ మాట నువ్వే చెప్పు ఆమెకు," అన్నడు.

తీసుకున్న. రెండు చేతులతోని చెవి కాడ పట్టుకున్న. వదినె, అని పిలిచిన. నేనెవరో చెప్పకముందే అటుకెల్లి ఆమె ఆశగ అడిగింది.

"ఆపా, అతికిందా?"