రెడ్డెమ్మక్క మిషనుకు బొట్టు

ఈ ఉదయం కుట్టు మిషను తుడుస్తుంటే నూనె, పాత కుంకుమ కలిసి వేలికి అంటుకున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకొని చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆయుధపూజ రోజు మదనపల్లెలో మా వీధంతా ఇదే పని. ఎదురింటాయన ఆటోకు అరటి పిలకలు కడుతున్నాడు, పక్కింటి పిల్లలు సైకిలుకు పసుపు పూయమంటే ఒకరికొకరు పూసుకుంటున్నారు. నేను చక్రం నుంచి కాలితొక్కు వరకు అన్నీ తళతళలాడేట్టు తుడిచాను, సూది కింది పలక పక్కనున్న ఒక్క స్క్రూను తప్ప. దాని గాడిలో ఏళ్ల తరబడి పెట్టిన కుంకుమ నూనె తాగి గట్టిపడి, నల్లటి ఎరుపులో ఉంది. చూసినవాళ్లు మురికి అనుకుంటారు. మా అమ్మాయి ఒకసారి దాన్ని పిన్నీసుతో గీకబోతే నేను వేసిన కేకకు పక్కింటివాళ్లు కూడా వచ్చారు. ఆ గాడిలోకి చూడటం నాకు నేర్పింది రెడ్డెమ్మక్క. ఈ వేసవిలో ఆమె పోయింది. ఆమె లేకుండా వచ్చిన మొదటి ఆయుధపూజ ఇది.

పుంగనూరులో సంత వీధి వెనక రేకుల షెడ్డు ఒకటి వేసుకొని అక్క బొంతలు కుట్టించేది. జనం ఇంట్లో పాతచీరలు మూటగట్టి తెచ్చిస్తే, వాటిని పొరలు పొరలుగా పరిచి, పైకి కాస్త కొత్త గుడ్డ వేసి, అంచులు మడిచి గళ్లు గళ్లుగా కుట్టి ఇచ్చేది. మాది సదుం దగ్గర పల్లె. పుంగనూరుకు కోడలిగా వచ్చిన కొత్తలో ఇంట్లో తోచక ఆమె దగ్గర పనికి చేరాను. అక్కది పెద్ద గొంతు, దానికి తగ్గ నవ్వు. నేను భయపడుతూ మెల్లగా తొక్కుతుంటే వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడింది. “ఏం మే శారదా, బొంత కుడ్తాండావా, దానికి సక్కిలిగిలి పెడ్తాండావా?” అంది. షెడ్డంతా నవ్వింది. నేను ఉక్రోషంతో గట్టిగా తొక్కాను. కుట్టు నిటారుగా పడింది. “అదీ, కోపమొస్తేగానీ నీకు పని రాదు,” అని నా ముందు ఒక బొరుగుల ఉండ పెట్టి పోయింది. ఆ తర్వాత కొన్నేళ్లు ఆమె తిట్లూ బొరుగుల ఉండలూ తింటూనే ఆ పనంతా నేర్చుకున్నాను.

మా ఆయన పని మదనపల్లెకు మారింది. అక్కడ సొంతంగా బొంతలు కుట్టుకుంటానంటే మా అత్త ఒప్పుకోలేదు. బట్టల కంపెనీలో నెల జీతానికి చేరమంది. చివరికి దసరా వరకు గడువిచ్చింది. ఆలోగా మంచి మిషను దొరికి పని మొదలైతే సరి, లేకపోతే కంపెనీ బస్సెక్కాల్సిందే. కొత్త మిషను కొనే తాహతు లేదు. పైగా ఇప్పుడొచ్చే తేలిక మిషన్లు రవిక గుడ్డ మీద పరుగులు తీస్తాయి గానీ, బొంత కనబడితే సూది విరగ్గొట్టుకుంటాయి. పాత ఇనుప మిషనే కావాలి. ఈ సంగతి అక్కకు వెనకాడుతూ చెప్పాను. పని నేర్చుకొని ఎగిరిపోతోంది అనుకుంటుందేమోనని. ఆమె చేతిలో కత్తెర కింద పెట్టకుండానే, “పోతే పో. నా మిషను మాత్తరం అడగొద్దు. నీది యాడుందో ఎతుకుదాం పా,” అంది.

వెతకడం అంటే అంత సులువు కాదని మదనపల్లెలో రెండు మూడు కొట్లు తిరిగాక తెలిసింది. నాకేమో పైన బంగారు రంగు అక్షరాలు, పువ్వులు మెరుస్తుంటే చాలు, మనసు పడిపోయేది. అక్క వాటి వంక కూడా చూసేది కాదు. “పేరుదేముందే, సంతలో అంటించుకుంటే ఏ పేరైనా వస్తాది. కిందుండే నెంబరు సూడు,” అనేది. ఇనుములో కొట్టిన అంకెల గుంటల్లోకి రంగు నిండిపోయి ఉంటే, ఆ మిషనుకు ముసలితనం దాచడానికి పైపూత పూశారన్నమాట. అంకెలు తేటగా ఉంటే నేను ఫోనులో వెతికి ఆ మిషను ఏ కాలందో చదివి చెప్పేదాన్ని. ఆమె అన్నీ విని, “సరే, పుట్టింది తెలిసింది. ఎట్ల పెరిగిందో సూడాల గదా,” అని సంచిలోంచి బొంత ముక్క తీసేది. కొట్లవాళ్లు ఎప్పుడూ పల్చటి గుడ్డ పెట్టి కుట్టి చూపిస్తారు. అక్క తన ముక్కను మడిచి సూది కింద పెట్టేసరికి వాళ్ల మొహాలు వాడిపోయేవి. అన్నింటికన్నా చివర ఆమె వంగి, ఆ స్క్రూ గాడిలో గోరు పెట్టి గీకేది. ఇంట్లో పెరిగిన మిషనైతే ఏటా ఆయుధపూజకు బొట్టు పెట్టి ఉంటారు. ఏళ్లు గడిచేకొద్దీ అది నూనెతో కలిసి గాడిలో పేరుకుంటుంది. అలా పేరుకొని ఉంటే ఏటా ఒకసారైనా ఎవరో దాన్ని ఒళ్లంతా తుడిచి, నూనె వేసి, దండం పెట్టారని లెక్క. కంపెనీల్లో చేతులు మారుతూ అరిగిపోయిన వాటికి ఆ గాడి ఖాళీగా ఉండేది.

దసరా దగ్గర పడుతోంది, మిషను దొరకలేదు. కుప్పంలో పాత మిషన్లమ్మే మునెప్ప అని ఒకాయన ఉన్నాడని తెలిసి అక్క ఫోన్ చేసింది. ఆత్రం కొద్దీ, “బొట్టు పెట్టిన మిషనేనా అప్పా?” అని అడిగేసింది. “పెట్టకుండా ఉంటామా అక్కా!” అన్నాడాయన. మేము పలమనేరు మీదుగా బస్సులు మారి చేరేసరికి కొట్లో ఉన్న మిషన్లన్నీ పెళ్లికూతుళ్లలా ఉన్నాయి. దేని స్క్రూలో చూసినా కుంకుమే. అక్క గోరు పెట్టింది. పొడి పొడిగా రాలి, గోరంతా ఎర్రగా అయింది. ఒక్క క్షణం ఆయన వంక, ఒక్క క్షణం నా వంక చూసి పకపకా నవ్వింది. “ఏమప్పా, పొద్దున్నే అన్నిట్నీ ముత్తైదువల్ని చేసినావా? తప్పు నాదేలే, అడిగేదంతా ఫోన్లోనే అడిగేస్తి!” అంది. మునెప్ప సిగ్గుపడుతూ టీ తెప్పించాడు. వాళ్లిద్దరూ నవ్వుతున్నారు గానీ, నాకు మాత్రం కంపెనీ బస్సు హారను వినిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

టీ తాగుతూ అక్క లోపలి వరండాలోకి తొంగిచూసింది. అక్కడొక పాత మిషను మీద టమాటాల బుట్ట పెట్టి ఉంది. పక్కన మంచం మీద మునెప్ప వాళ్లమ్మ కూర్చుని ఉంది. అక్క అడక్కుండానే పోయి బుట్ట దించింది. రంగంతా పోయి ఇనుము కనిపిస్తోంది, కింద అంకెలు తేటగా ఉన్నాయి. గోరు పెడితే ఆ గాడిలోది ఊడి రాలేదు. అక్క నన్ను కూర్చోమని బొంత ముక్క పెట్టింది. తొక్కాను. మందమైన అంచు దగ్గర కూడా ఆగకుండా లాక్కుపోయింది. ఆ సంతోషం ఇప్పటికీ నా పాదాల్లో ఉంది. “అది మా అమ్మది అక్కా. కండ్లు కానరావు, ఇప్పుడు కుట్టేది లేదు. కావాలంటే తీసుకోండి,” అన్నాడు మునెప్ప. వెంటనే మంచం మీంచి, “నువ్వెవడురా ఇచ్చేదానికి?” అని గట్టిగా వినిపించింది.

అక్క ఇక మునెప్పతో బేరమాడలేదు. పోయి ఆ ముసలమ్మ పక్కన కూర్చుని, కుట్టిన ముక్కను ఆమె చేతిలో పెట్టింది. ఆమె వేళ్లతో కుట్టంతా తడిమి, “ఇది ఎవురు కుట్టింది?” అంది. “ఈ పిల్లమ్మా. బొంతలు కుట్టుకొని బతకాలనుకుంటాండాది.” ముసలమ్మ నన్ను దగ్గరికి పిలిచి నా అరచెయ్యి పట్టుకుంది. “పండక్కి బొట్టు పెడ్తావా, యాదిమరుస్తావా?” అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు అక్కే చెప్పింది, “ఒక్క ఏడు గూడా తప్పదమ్మా. తప్పితే నేనే వచ్చి దీని ఈపు పగలగొడ్తా.” ముసలమ్మ నవ్వి, కుంకుమ భరిణె తెప్పించుకొని, చూపు లేకపోయినా వేలితో తడుముతూ సరిగ్గా ఆ స్క్రూ మీదే బొట్టు పెట్టి నాకు అప్పగించింది.

ఆ మిషనుతోనే నా ఇల్లు నడిచింది. మా అత్త పోయేవరకు నేను కుట్టిన బొంతే కప్పుకుంది, కంపెనీ ఊసు మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు గుర్రంకొండ నుంచి కూడా ఆడవాళ్లు మిషను కొనాలంటే తోడు రమ్మంటారు. నేనూ బొంత ముక్క పట్టుకొని పోతాను. ఫోనులో మాత్రం ఏమీ అడగను.

ఈ ఉదయం నా మిషనుకు బొట్టు పెట్టాక మనసు కుదురుగా లేదు. అక్క పోయి ఏడాది నిండలేదు కాబట్టి ఆ ఇంట్లో ఈసారి పండగ చెయ్యరు. అంటే ఆమె మిషను బొట్టు లేకుండానే ఉంటుంది. మధ్యాహ్నం పుంగనూరు బస్సెక్కాను. అక్క కొడుకు రమణ నన్ను చూసి తడబడ్డాడు. “మాకు ఈ ఏడు పండగ లేదు గదక్కా,” అన్నాడు. “మీకు లేదప్పా, నాకుండాది. షెడ్డు తియ్,” అన్నాను. ఒళ్లంతా తుడిచి, నూనె వేసి, ఆమె ఇన్నేళ్లు పెట్టిన బొట్ల మీద ఈ ఏటి బొట్టు పెట్టాను. అప్పటివరకు ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. రమణ మెల్లగా అడిగాడు, “కుట్టేవాళ్లు లేరక్కా. ఎవరన్నా అడిగితే ఇచ్చేద్దామా?”

“ఇయ్యప్పా,” అన్నాను కళ్లు తుడుచుకుంటూ. “అయితే పండక్కి బొట్టు పెడ్తారా, యాదిమరుస్తారా అని ముందు అడుగు.”