బెంట్లీని తోసినవాడు

నాకు కారు నడపడం రాదు. లైసెన్సు లేదు. అయినా 1999లో సింగపూర్‌లో నాకు దొరికింది కార్ల నిపుణుడి ఉద్యోగం. ఆ రోజుల్లో ఇంటర్నెట్ కంపెనీలు అలాగే ఉండేవి. ఎదురుపడిన ప్రతివాడినీ నిపుణుణ్ణి చేసి కుర్చీ వేసేవి.

నా పేరు హరిదాస్. మలేసియాలో కొబ్బరి తోటల్లో స్థిరపడిన తెలుగు కుటుంబం మాది. నేను పని వెతుక్కుంటూ సింగపూర్ దిగి, ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పనిలో కుదిరాను. ఇతరుల తప్పులు పట్టుకుని జీతం తీసుకునే వృత్తి. ఇంట్లో మాత్రం ఆ ప్రతిభ చూపించవద్దని నా భార్య పునీత పెళ్లయిన కొత్తలోనే చెప్పేసింది.

ఒకసారి పాత కార్ల సంఘం వాళ్ల ప్రత్యేక సంచిక నా బల్ల మీదికి వచ్చింది. అందులో బెంట్లీ కంపెనీ కథ ఉంది. రైలింజన్ల దగ్గర పని నేర్చిన బెంట్లీ అనే ఇంగ్లీషాయన, మొదటి ప్రపంచయుద్ధం అయిపోయిన మరుసటి ఏడు తన పేరుతోనే కార్ల కంపెనీ పెట్టాడు. 1927లో ఫ్రాన్సులోని లమాన్ పందెంలో ఆయన కార్లు ఒకదానికొకటి గుద్దుకున్నాయి. ఒక్క దీపంతో, సొట్టలతో మిగిలిన కారే చివరికి గెలిచింది. లండన్‌లో విందు చేసి, ఆ కారునే ముఖ్య అతిథిగా హోటల్ లోపలికి తెచ్చి నిలబెట్టారు. నేను ఆ విందులోనే ఉండిపోయాను. సంచిక అచ్చయి వచ్చాక చూస్తే, బ్రేకు అనే ఇంగ్లీషు మాట ఉన్న ప్రతిచోటా విరగడం అనే అర్థం వచ్చే స్పెల్లింగే ఉంది. దిద్దినవాణ్ణి నేనే.

అప్పటినుంచి లైబ్రరీలో దొరికిన పుస్తకాలన్నీ చదివాను. చదివినదంతా పునీతకు చెప్పాను. ఆమె కూరలు తరుగుతూ వినేది, లేదా విన్నట్టు కనిపించేది.

ఒక పెళ్లి విందులో నా పక్కన కూర్చున్న దురదృష్టవంతుడు ఈశ్వరరావు. గుంటూరు నుంచి వచ్చి సొంతంగా వెబ్‌సైట్ కంపెనీ పెట్టిన కుర్రాడు. నేను బెంట్లీ మొదలుపెట్టాను. అతను పారిపోలేదు సరికదా, చెయ్యి పట్టుకున్నాడు.

"అంకుల్, మా కార్ల సైట్‌కి మీలాంటోళ్లే కావాల. మీరు రాయండి, ట్రాఫిక్ దానంతటదే వస్తది!"

ట్రాఫిక్ అంటే రోడ్డు మీదిదే అనుకుని, ఎక్కువైతే ఇబ్బంది కదా అన్నాను. అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. నెల తిరిగేసరికి అచ్చాఫీసు మానేసి అతని దగ్గర చేరాను. నా కార్డు మీద 'చీఫ్ హెరిటేజ్ ఆఫీసర్' అని ఉంది.

"హెరిటేజ్ అంటే పాతది అనే కదా? కరెక్ట్‌గా వేశారులే," అంది పునీత.

నా రాతలు చదివినవాళ్లలో డాక్టర్ చియా అని ఒక రిటైరైన సర్జన్ ఉన్నారు. ఆయన దగ్గర రెండు సీట్ల పాత బెంట్లీ ఉంది. ఆదివారం వచ్చి చూడమని కబురు పెట్టారు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్లాను. ముదురాకుపచ్చ కారు, పొడవైన బానెట్, దానిమీద తోలు పట్టీ. దాని చుట్టూ రెండుసార్లు తిరిగాను. నోరు విప్పాక మాత్రం ఆగలేదు. ఆక్సిలరేటర్ మధ్యలో ఎందుకుంటుందో ఆయన కారు గురించి ఆయనకే వివరించాను.

డాక్టర్ ఓపిగ్గా విని, తాళంచెవి నా చేతికిచ్చారు. "అంత తెలిసినవారు, మీరే నడపండి."

"నాకు డ్రైవింగ్ రాదండీ."

ఆయన నన్ను ఎక్స్‌రే చూసినట్టు చూశారు. "పుస్తకాల్లో మాత్రమేనా?"

"పుస్తకాల్లో చాలా వేగంగా నడుపుతాను."

ఆయన నవ్వి తానే స్టీరింగ్ ముందు కూర్చున్నారు. కారు దగ్గింది, మూలిగింది, ఆగిపోయింది. బ్యాటరీ చచ్చిపోయిందన్నారు. తోటమాలి ఒకవైపు, చీఫ్ హెరిటేజ్ ఆఫీసర్ ఒకవైపు నిలబడి వెనకనుంచి తోశాం. గేటు దాటాక ఒక్కసారిగా గర్జించి ముందుకు దూకింది. పట్టు తప్పి నేను రోడ్డు మీద బోర్లా పడ్డాను. నల్లటి పొగ నా చొక్కాను పూర్తిగా తన సొంతం చేసుకుంది. డాక్టర్ వీధి చివరిదాకా వెళ్లి వచ్చారు. ఆపితే మళ్లీ తొయ్యాల్సి వస్తుందని ఆపకుండా గరాజులోకి తీసుకెళ్లిపోయారు.

మరుసటి ఏడు చివర్లో ఒక సాయంత్రం పునీత పని నుంచి వచ్చింది. ఆమె ఒక పళ్ల డాక్టర్ దగ్గర కౌంటర్లో పనిచేసేది.

"ఏమండీ, మీ కంపెనీ అమ్మేశారట కదా?"

"ఎవరన్నారు?"

"పన్ను పీకించుకోవడానికి వచ్చినాయన. హ్యాండ్‌ఫోన్‌లో చెప్తున్నాడు, కొన్నది వాళ్ల కంపెనీయేనట. పేరు ఉంచుకుంటారట, మనుషులు వద్దట."

నాకు నవ్వొచ్చింది. 1930లో, జనం చేతుల్లో డబ్బు ఆడని కాలంలో, బెంట్లీ తన అన్నింటికన్నా ఖరీదైన కారు తీసింది. మరుసటి ఏడే దివాలా. ఎవరో తెలియని ట్రస్టు ఒకటి కంపెనీని కొనేసింది. దాని వెనక ఉన్నది రోల్స్‌రాయిస్ అని బెంట్లీ గారికి ఆయన భార్య చెబితేనే తెలిసిందంటారు. ఆమె ఒక పార్టీలో ఎవరో అనుకుంటుంటే విన్నదట. చరిత్ర నన్ను తీసుకెళ్లి ఆయన పక్కన కూర్చోబెట్టిందని చెప్పి, కాస్త గర్వంగానే పునీత వైపు చూశాను.

"తర్వాత ఆయనేం చేశాడు?" అంది, అన్నం వడ్డిస్తూ.

"కొన్నవాళ్ల దగ్గరే ఉద్యోగం చేశాడు."

"అయ్యో, మీకు అది కూడా ఇవ్వలేదే!"

ఈశ్వరరావు స్వయంగా వచ్చి, తలవంచుకుని, "సారీ అంకుల్" అన్నాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్ర లేదో, ఏడ్చాడో. పునీత అతనికీ అన్నం పెట్టింది. నేను మళ్లీ ప్రూఫుల్లోకే వెళ్లాను. ఈసారి మందుసీసాల మీద అంటించే చీటీలు. అక్కడ అక్షరం తప్పితే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి, బెంట్లీ గురించి ఆలోచించకుండా చదివేవాణ్ణి.

కొన్నాళ్లకు డాక్టర్ చియా ఫోన్ చేశారు. సైట్‌లో ఇప్పుడు రింగ్‌టోన్లు అమ్ముతున్నారని బాధపడ్డారు. ఆదివారం మేముండే యూ టీ పేటలో, మా అపార్ట్‌మెంట్ బ్లాకు కిందికి ఆకుపచ్చ బెంట్లీ వచ్చి ఆగింది. ఇంజన్ ఆపకుండానే ఆయన, మార్కెట్ నుంచి వస్తున్న మా ఇద్దరినీ చూశారు. ఆయన పక్కన ఖాళీగా ఉన్నది ఒక్క సీటే.

"ముందు మీ మిసెస్," అన్నారు.

పునీత నా చేతిలో మార్కెట్ సంచి పెట్టి ఎక్కేసింది. కారు మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. నేను పాలకూర సంచితో బస్‌స్టాపు దగ్గర నిలబడి, అక్కడున్న ఒక పెద్దాయనకు 1927 పందెం గురించి చెప్పడం మొదలుపెట్టాను. గుద్దుకోవడం దాకా రాకముందే ఆయన బస్సు వచ్చింది.

పునీత తిరిగొచ్చేసరికి జడ ఊడిపోయి ఉంది. చెంపలు ఎర్రబడ్డాయి. పెళ్లినాడు కూడా ఆమె మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. దిగి, నా దగ్గరికొచ్చి, కోపంగా అడిగింది:

"ఇన్నేళ్లుగా పిస్టన్లు, పందేలు, దివాలాలు అని నా బుర్ర తిన్నారే! అది ఇలా ఉంటుందని ఒక్కసారన్నా చెప్పారా?"

నాకు మాత్రం ఏం తెలుసు? సంచి ఆమెకిచ్చి కారెక్కాను.