ముందు బండి తోలినవాడు

తొజావా యసుకిచిని రాజరైలు మీద నుంచి దింపేసింది చేతకాక కాదు, యాస వల్ల.

చక్రవర్తి దంపతులు మొక్కలు నాటే పండగకు ఉత్తరాదికి వెళ్తారని చలికాలంలోనే కబురు వచ్చింది. లక్కపూత పూసినట్టు నిగనిగలాడే ఆ రైలు మామూలు రోజుల్లో డబ్బున్నవాళ్ల టీ పార్టీలకీ, వేడినీటి బుగ్గల యాత్రలకీ అద్దెకు తిరుగుతుంది. రాజుగారు వచ్చినప్పుడు మాత్రం దాని నడుమ ఒక ప్రత్యేకమైన పెట్టె తగిలిస్తారు. డ్రైవరుగా యసుకిచిని ఎంచారు. అతను చలికాలమంతా సాధన చేశాడు. బండి ఆగినట్టు లోపలి టీ కప్పుకు కూడా తెలియకూడదు. అతను ఆపితే తెలిసేది కాదు.

అయితే ఆ దేశంలో డ్రైవరు దారిలో ప్రతి సిగ్నలునీ వేలితో చూపించి, చూసినదాన్ని పైకి అనాలి. యసుకిచి ఉత్తరాదిన అకితా కొండల్లో పుట్టినవాడు. అతను అన్నా, తోక్యోలో పుట్టినవాడు అన్నా పచ్చదీపం పచ్చగానే వెలుగుతుంది. పై అధికారి హచిసుక మాత్రం పెదవి విరిచాడు.

"పని బాగుంది తొజావా. నోరు తెరిస్తేనే గొడ్లు తోలుతున్నట్టుంది. వెనకాల ఎవరు కూర్చుంటారో తెలుసుగా?"

వెనకాల కూర్చునేవారికీ డ్రైవరుకీ మధ్య రెండు పెట్టెలూ, అన్ని తలుపులూ ఉన్నాయి. ఆ మాట ఎవరూ అనలేదు. పెద్దల చెవులు గోడలు దాటి వింటాయని నమ్మేది వాళ్ల కింద పనిచేసేవాళ్లే. పెద్దలకు అంత ఓపిక ఉండదు. తేనె పూసిన గొంతున్న నికైదో అనే తోక్యో కుర్రాణ్ణి ఆ సీట్లో కూర్చోబెట్టారు. రాజరైలుకు ముందు ఖాళీ బండి ఒకటి నడుస్తుంది. పట్టాల మీద ఏ గండం ఉన్నా ముందు దానికే తగలాలి. యసుకిచిని దాని మీదికి మార్చారు. ఆ ఉద్యోగానికి యాస అడ్డు రాలేదు.

ఇదంతా అతను మింగేసేవాడే. మింగుడుపడనిది అమ్మ సంగతి.

ఎవరు నడుపుతారన్నది ఇంట్లో కూడా చెప్పకూడదు. యసుకిచి చెప్పలేదు. కానీ కొత్త సంవత్సరానికి ఆ రైలు దారిలోనే ఉన్న సొంత ఊరు కురొమొరిలో ఇంటికి వెళ్లినప్పుడు, అలవాటు కొద్దీ ప్రతిదానికీ వేలు చూపించాడు. "పొయ్యి, ఆరింది. తలుపు, మూశాం." అదీ గొంతు సవరించుకుని, తోక్యో పలుకుతో. ఊరగాయకు ముల్లంగి దుంపలు పొగబెడుతున్న తల్లి, పేరు కనే, చూసి చూసి, చివరికి పక్కింటి ఫుసాయె చెవిలో వేసింది.

"నా కొడుకు ఊరికినే ఏలు సూపించడే ఫుసాయె. మన టేసనుకి రంగులేస్తన్నారు, పట్టాలెంట గడ్డి కోస్తన్నారు. రాజుగోరి బండి మావోడే తోలతాడు. నువ్వు ఎవుల్తోనూ అనకు."

ఫుసాయె ఎవరితోనూ అనవద్దనే చెప్పి, ఊరందరికీ చెప్పింది.

ఇప్పుడు ఆ ఊరి రైలు గేటు దగ్గర ఊరంతా నిలబడుతుంది. ముందు ఖాళీ డొక్కు బండిలో యసుకిచి పోతాడు, వెనక మెరిసే బండిలో నికైదో వస్తాడు. ఆ తరువాత కనే కూరగాయల కొట్టుకు ఏ మొహంతో వెళ్తుంది? పోనీ ఫోను చేసి చెబుదామంటే అదీ రహస్యమే.

ఆ రోజు రానే వచ్చింది. కురొమొరిలో దండేల మీద బట్టలు తీసేశారు, మేడల మీద ఎవరూ ఉండకూడదన్నారు. పోలీసు అందరికీ కాగితపు జెండాలు పంచి, మొదటి బండికి ఊపకండి, రెండోదానికే ఊపండి అని గొంతు పోయేలా చెప్పాడు. అందరూ తలలూపారు. ఆ తలల్లో ఆయన మాట ఎంతవరకు వెళ్లిందో తరువాత తెలిసింది.

మలుపు తిరగగానే యసుకిచికి గేటు కనిపించింది. జనం ముందు వరసలో, పండగ కిమోనోలో, కొంగలా మెడ చాచి నిలబడి ఉంది అమ్మ. గేటు మూసి ఉందో లేదో చూసి చెప్పడం అతని ధర్మం. తెల్ల చేతితొడుగు వేసుకున్న చెయ్యి లేచింది. గేటును చూపించింది. అక్కడితో దిగాల్సింది, దిగలేదు. ఇంకాస్త పక్కకు తిరిగింది.

"గేటు, మూసినారు," అన్నాడు తన సొంత యాసలో. తరువాత, "అమ్మ, ఉన్నాది."

మాట బయటికి వినబడలేదు. వేలు కనబడింది. కనే ఒక్క క్షణం ఆగి, జెండా ఎత్తింది. కొడుకు నడిపేదే రాజుగారి బండి అని ఆమె లెక్క, ఆమె ఊపితే అదే రాజుగారి బండి అని ఊరి లెక్క. పోలీసు అరుస్తూనే ఉన్నాడు. ఖాళీ బండికి కురొమొరి ఊరంతా చేతులు నొప్పి పుట్టేలా జెండాలు ఊపి, మూడుసార్లు జేజేలు పలికింది. అందులో ఉన్నవి ఖాళీ సీట్లే కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు.

కాసేపటికి నిగనిగలాడుతూ రెండో బండి వచ్చేసరికి జెండాలు చుట్టేసి, జనం టీ తాగడానికి మళ్లారు. ఆ బండి ముందు భాగాన జెండాలు కట్టి ఉన్నాయేమిటని ఎవరో అడిగితే కనే తేల్చేసింది.

"ఆఫీసర్లకి ఆర్భాటం కావాల. రాజుగోరికెందుకు?"

కురొమొరిలో రాజరైలుకు జెండా ఊపినవాడు పోలీసు ఒక్కడే.

హచిసుక ఆ రాజరైలులోనే ఉన్నాడు, జరిగిందంతా తరువాత పోలీసు నోట విన్నాడు. వెనక్కి రాగానే యసుకిచిని పిలిచి, గేటు దగ్గర వేలు ఎటు చూపించావని అడిగాడు. గేటు మూసి ఉందో లేదో చూసి చెప్పానన్నాడు యసుకిచి. అది తప్పని ఏ నిబంధనలోనూ దొరకలేదు. రాజరైలు మీద మళ్లీ ఎప్పుడూ వెయ్యలేదు కానీ, అద్దె ప్రయాణాలకు అదే బండిని అతనికే ఇచ్చేవారు. ఒకసారి కురొమొరి ముసలివాళ్ల సంఘం ఆ బండిని అద్దెకు తీసుకుంది. తోలు సీటు మరీ మెత్తగా ఉంది, నడుం పట్టేసిందని కనే సణిగింది. ఆమె పంచిన పొగ ముల్లంగి వాసన ఆ పెట్టెను వదలడానికి చాలాకాలం పట్టింది.

రిటైరయ్యాక హచిసుక ఒకసారి భార్యతో వేడినీటి బుగ్గల యాత్రకు అదే బండి ఎక్కాడు. ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి వచ్చి, డ్రైవరు కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆ రోజు మీ ఊళ్లో జెండా ఎత్తిన పెద్దావిడ ఎవరో తనకు అప్పుడే తెలుసన్నాడు. ఆమెకు అసలు సంగతి తెలిసిందా అని అడిగాడు.

యసుకిచి చేతితొడుగు సర్దుకుని, సిగ్నలు వైపు చూసి, మళ్లీ ఇటు తిరిగాడు.

"అమ్మకి తెల్దండి. రాజుగోరు ముందు బండిలోనే ఎల్లినారనుకుంటాది. మీకంత ఇదిగా ఉంటే మీరే ఎల్లి సెప్పండి. ముల్లంగి పెడతాది, తినీసి మరీ సెప్పండి."