బొంత మీద పడిన హార్డ్‌డిస్క్

ఆ హార్డ్‌డిస్కును పాడుచేసింది నేను. మా బావ భార్య కాదు. ఈ రెండు ముక్కలు చెప్పవలసిన రోజున చెప్పలేదు. తరవాత ఎన్నోసార్లు వీలు దొరికినా చెప్పలేదు.

బావ అంటే చుట్టరికమేమీ లేదు. పోర్టు దగ్గర ఓడల సరుకు కాగితాలు చూసే ఆఫీసులో ఇద్దరం పక్కపక్క కుర్చీల్లో పనిచేసేవాళ్ళం. అతను పద్మనాభం అనే ఊరి పక్క పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవాడు. నేను మద్దిలపాలెంలో అద్దెకుండేవాణ్ణి. మొదటి రోజే నన్ను ‘బావా’ అన్నాడు. ఆ వరసే ఖాయమైంది. అతని భార్య నాకు చెల్లెమ్మ అయింది.

ఫోన్లో సినిమాలు చూసే అలవాటు ఇంకా రాని రోజులవి. ఆఫీసులో ఎప్పుడూ ఎవరిదో ఒక హార్డ్‌డిస్క్ చేతులు మారుతుండేది. అందులోని సినిమాలు ఎక్కించుకుని, మన దగ్గరున్న కొత్తవి వేసి తిరిగివ్వడం మర్యాద. పక్కింటివాళ్ళు కూర పంపిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపం కదా, అలాగే. దానికి వేరే సంచీ ఉండేది కాదు. చేతిరుమాల్లో చుట్టి, క్యారేజీ సంచీలో గిన్నెల పక్కన పెట్టుకునేవాళ్ళం. మా భయమంతా దుమ్ము గురించే. పోర్టు నల్లదుమ్ము కంప్యూటర్లలోకీ ఫ్యాన్లలోకీ చొచ్చుకుపోవడం రోజూ చూసేవాళ్ళం కనక, డిస్కుకి దుమ్ము తగలకపోతే చాలనుకునేవాళ్ళం. కింద పడితే ఏమవుతుందో ఎవరమూ ఆలోచించలేదు.

బావ డిస్కులో సినిమాలతో పాటు ‘ఇల్లు’ అని ఒక ఫోల్డరుండేది. అందులో అతని అత్తగారు ఊడ్పుల్లో పాడుతుండగా అతను ఫోన్లో తీసిన వీడియోలున్నాయి. ఆఫీసులో ఒకసారి చూపించాడు. మోకాళ్ళ దాకా బురద, వరసగా వంగిన నడుములు. ఆవిడ ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్ళు అందుకునేవారు. పాట చివర ఆవిడ తలెత్తి, “సాల్లే అల్లుడా, ఆపెయ్! సిగ్గేత్తంది” అని పళ్ళన్నీ కనబడేలా నవ్వుతుంది. అది తీసిన కొన్నాళ్ళకే ఆవిడ పోయింది. ఫోను మార్చినప్పుడు బావ అవన్నీ డిస్కులో వేశాడు. ఇంకెక్కడా లేవు.

ఆ డిస్కు నా వంతుకొచ్చిన సాయంత్రం, మద్దిలపాలెం డిపో దగ్గర బస్సు పూర్తిగా ఆగకముందే దిగాను. సంచీ పిడి తెగింది. సంచీ బస్సు మెట్టుకి కొట్టుకుని రోడ్డు మీద పడింది. దొర్లిపోతున్న గిన్నె మూత వెనక పరిగెత్తానే గాని డిస్కు గుర్తే రాలేదు. తరవాత రుమాలు విప్పి చూస్తే దాని మీద గీత కూడా లేదు.

ఇంటికెళ్ళి కంప్యూటరుకి పెడితే తెరుచుకుంది. హమ్మయ్య అనుకుని, ఎందుకో ముందు ఆ పాటే పెట్టాను. ఆవిడ ఎత్తుకుంది, ఆడవాళ్ళు అందుకున్నారు. అంతలో గొంతు తెగిపోయి లోపల నుంచి టక్, టక్ అని చప్పుడు. తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ తీసి మళ్ళీ పెట్టాను. మొరాయించిన స్కూటరుకి కిక్కు కొట్టినట్టు, ఇంకొక్కసారి పెడితే అందుకుంటుందనుకున్నాను. దెబ్బ తిన్న డిస్కును తిప్పేకొద్దీ లోపల ఇంకా గీసుకుపోతుందని తెలియదు.

మర్నాడు రుమాల్లో చుట్టి ఇచ్చేశాను.

“ఎక్కించుకున్నావేటి బావా?”

“ఆఁ, అయిపోయింది.”

ఇంటికెళ్ళి చూసుకుని తనే అడుగుతాడు, అప్పుడు ఒప్పుకుందామనుకున్నాను. కొన్నాళ్ళ దాకా అతను దాన్ని పెట్టి చూడనే లేదు. ఒకరోజు మొహం వేలాడేసుకుని వచ్చాడు.

“మా యావిడ డిస్కు పడేసింది బావా. దుమ్ము తుడుత్తంటే సెయ్యి జారిందట. బొంత మీదే పడింది, ఏటీ అవనేదంతంది. పెడితే టకటకమని కొట్టుకుంతంది.”

దుమ్ము తుడవమని రోజూ చెప్పింది అతనే. చేయి జారిన వెంటనే ఆమె తనంతట తానే చెప్పింది. నా నోటి దాకా వచ్చిన మాట అక్కడే ఆగింది.

వన్‌టౌన్‌లో రిపేరు షాపుకి ఇద్దరం వెళ్ళాం. షాపు నడిపే ముస్లిం పెద్దాయన డిస్కును చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

“గట్టి దెబ్బ తగిలింది భాయ్. ఇందులోంచి ఏమీ రాదు.”

“బొంత మీద పడిందండి” అన్నాడు బావ.

“బొంతలో బండరాళ్ళు పెట్టి కుట్టారా?”

బావ నవ్వలేదు. బయటికొచ్చాక అన్నాడు: “పడేత్తే పడేసింది. నాతో అబద్ధమెందుకాడాల బావా?”

“టీ తాగుదాం పద” అన్నాను నేను.

తల్లి గొంతు పోయిందని ఆమె ఏడ్చింది. దాని మీద అబద్ధాలకోరన్న పేరొకటి. ఏళ్ళు గడిచి కోపం పోయాక వేళాకోళం మిగిలింది. ఆ ఇంట్లో ఎవరు ఏది దాచినా “ఇదీ బొంత మీదే పడిందేటి?” అనడం అలవాటైపోయింది. పిల్లలకీ అదే మాట. వాళ్ళింటికి ఎప్పుడెళ్ళినా ఆ మాట వినేవాణ్ణి, వాళ్ళతో పాటు నవ్వేవాణ్ణి.

ఈమధ్య వాళ్ళు పెందుర్తిలో కొత్తింటికి మారితే చూడ్డానికి వెళ్ళాను. చెల్లెమ్మ కాఫీలు తెచ్చింది.

“కప్పు గట్టిగా పట్టుకో బావా” అన్నాడు బావ. “ఈవిడ పడేత్తే మళ్ళీ బొంత మీద పడిందంటాది.”

పిల్లలు పకపకా నవ్వారు. ఎప్పుడూ తనూ నవ్వేసే చెల్లెమ్మ ఆ రోజు నవ్వలేదు. “నిజంగా బొంత మీదే పడిందన్నయ్యా. ఈ ఇంట్లో ఎవలూ నమ్మరు” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను కాఫీ అక్కడే వదిలేసి ఆమె వెనకే వెళ్ళాను.

“సెల్లెమ్మా, నువ్వు సెప్పింది నిజమే. నీ సేతికి రాకముందే అది పాడైపోనాది. డిపో దగ్గర రోడ్డు మీద పడేసింది నాను.”

ఆమె గిన్నె కడగడం ఆపింది.

“మా యమ్మ పాట ఆకర్న మీరే విన్నారా?”

“ఆఁ. సగమే వచ్చింది. నవ్వేకాడికి రాకుండానే ఆగిపోనాది.”

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. తిడుతుందనుకున్నాను. హాల్లోకి కేకేసింది.

“ఏవండీ, ఆ టీవీ కట్టేసి ఇలా రండి. పిల్లల్నీ రమ్మనండి.” వాళ్ళొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. “అన్నయ్యా, ఇందాక సెప్పిందే మళ్ళీ సెప్పండి. ఆయనకి ఇనపడేలాగ.”

చెప్పాను.

“అది బొంత మీదే పడింది బావా. సెల్లెమ్మ అబద్ధం ఆడనేదు. రోడ్డు మీద పడేసి, నీకు సెప్పకుండా సేతిలో పెట్టీసినోణ్ణి నాను. ఇన్నేళ్ళూ మీతో కలిసి నవ్వినోణ్ణీ నానే. తప్పయిపోనాది. సెల్లెమ్మా, నన్ను క్షమించమ్మా.”